మాస్టారి కొసరు

కంప్యూటర్ మాస్టారు పోయారని పోయిన వారం ఒక ఆటో డ్రైవరు కొట్టు ముందు బండి ఆపి చెప్పాడు. "నిన్న సాయంత్రమేనంటండి, బాపులపాడులో ఇంట్లోనే" అన్నాడు. మామిడి రసాల పార్సిళ్లకు అట్టపెట్టెలు మడుస్తున్నాను. చేతిలోది మడవడం పూర్తిచేసి అప్పుడు లేచాను. ఏడుపు రాలేదు.

మాస్టారు కాలేజీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత జేబులో పెన్‌డ్రైవు వేసుకుని, బస్సెక్కి నూజివీడు వచ్చి, చిన్న కొట్లవాళ్లకు ఉచిత సాఫ్ట్‌వేర్లు ఎక్కించి నేర్పేవారు. దొంగ కాపీ అడిగితే మాత్రం చెప్పులు తొడుక్కునేవారు. "ఉచితం వేరు, దొంగతనం వేరండీ" అని గుమ్మంలోంచి ఒక మాట.

నాలుగేళ్ల కిందట పూత రాలిపోయి వ్యాపారం చితికింది. బిల్లుల సాఫ్ట్‌వేరుకు ఏటా కట్టాల్సింది కట్టలేకపోయాను. సరిగ్గా కాయ దిగే రోజుల్లో అది ఆగిపోయింది. కంప్యూటర్ బిల్లు లేకపోతే పార్సిల్ ఆఫీసువాళ్లు పెట్టె ముట్టుకోరు. గోదాములో కాయ మగ్గిపోతోంది. ఆ వారం సరుకు కదలకపోతే కొట్టు మూసుకోవడమే. ఎవరో చెప్తే మాస్టారు వచ్చారు. ముందు ఒక రసం తీసి వాసన చూశారు. తర్వాతే కంప్యూటరు.

"వందకి ఎన్నిస్తారు బాబూ?"

"నూట నాలుగండి. నాలుగు కొసరు."

"మరి ఆ నాలుగూ పాతదాంట్లో ఎక్కడ రాసేవారు?"

"రాయనిచ్చేది కాదండీ. స్టాకెప్పుడూ తేడానే. దానికి ఇంకా కట్టాలన్నారు కంపెనీవాళ్లు."

ఆయన నవ్వి, ఉచిత ప్రోగ్రాములో బిల్లు పట్టిక గీసి, చివర ఒక వరస పెంచి, దాని నెత్తిన 'కొసరు' అని కొట్టారు. అర నిమిషం పట్టింది. చేయాల్సిన పనులన్నీ ఒక అట్టముక్క మీద స్కెచ్‌పెన్నుతో రాసి గోడకు తగిలించారు. మర్నాటికి మా పెట్టెలు హనుమాన్ జంక్షన్ దాటాయి.

ఫీజు తీసుకోలేదు. నాలుగు కాయలు మాత్రం అడిగి సంచిలో వేసుకున్నారు. "ఈ ప్రోగ్రాముని ఊరూ పేరూ తెలియనివాళ్లెవరో రాసి పెట్టారు. మీరు ఇంకొకరికి నేర్పండి, చాలు" అన్నారు. ఓ, దానిదేముంది అన్నాను. అనడానికి ఏం పోయింది!

తర్వాత ఆయన మోకాళ్లు అరిగి రాకపోకలు తగ్గాయి. ఏడాదికోసారి వచ్చి, కంప్యూటరు పాడైనా పోకుండా బిల్లుల కాపీ పెన్‌డ్రైవులోకి తీయించి, నాలుగు కాయలు తీసుకుని వెళ్లేవారు. వెళ్తూ వెళ్తూ, "ఎదురు కొట్టాయనకి నేర్పారా?" అని అడిగేవారు. ఆ ఎదురాయన నాతో పోటీగా రసాలు అమ్ముతాడు. ఆయనకూ బిల్లుల సాఫ్ట్‌వేరు భారమైందని, రెండుసార్లు నన్ను అడిగాడని మాస్టారికి తెలుసు. "సీజను అయ్యాక చెప్తానండీ" అనేవాణ్ని.

ఈ వేసవి మొదట్లో వచ్చినప్పుడు, "ఏ సీజను బాబూ?" అన్నారు. గొంతులో కోపం లేదు. కాపీ తీయించి, పెన్‌డ్రైవు జేబులో వేసుకుని వెళ్లిపోయారు. ఆయన కోసం తీసి పెట్టిన నాలుగు కాయలూ బల్ల మీదే ఉండిపోయాయి. మరిచిపోయారేమోనని సర్దిచెప్పుకున్నాను. మాస్టారు మరిచిపోయే మనిషి కాదు. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు ఇంకా పోలేదు.

బాపులపాడు వెళ్లి, ఆయన్ని సాగనంపి తిరిగొచ్చాను. మర్నాడు గోడ మీది అట్టముక్క తీసుకుని రోడ్డు దాటాను. ఎదురాయన నన్ను చూసి కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏంటండీ ఇలా వచ్చారు?"

"మీ కంప్యూటరు ఆన్ చేయండి" అన్నాను.

గంటన్నర పట్టింది. చివర్లో ఆయన, "మరి కొసరెక్కడ రాయాలండీ?" అని అడిగాడు. వరస పెంచి చూపించాను. బయల్దేరుతుంటే వద్దన్నా వినకుండా నాలుగు కాయలు నా చేతుల్లో పెట్టాడు.

తెచ్చి బల్ల మీద, మాస్టారు సంచి పెట్టుకునే చోట ఉంచాను. మూడు రోజులైంది. పండి, కొట్టంతా వాసన వస్తోంది. బేరానికి వచ్చినవాళ్లు అవెంతని అడుగుతున్నారు. "అవి అమ్మేవి కాదండీ, మాస్టారి కొసరు" అంటున్నాను.