తొమ్మిది గంటల బోణీ

పీహెచ్‌డీ చేతికొచ్చిన ఏడాదికి, పోస్ట్‌డాక్ కోసం నేను పెట్టిన అర్జీలన్నిటిలో ఒక్కచోటి నుంచే ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. వరిచేల బురదలో బతికే సూక్ష్మజీవులు నా చదువు. అన్నం అందరూ తింటారు గాని ఆ బురదకి ఉద్యోగాలిచ్చేవాళ్లు తక్కువ. ఇది కూడా పోతే తణుకులో మా నాన్న స్టీలు సామాన్ల కొట్లో కూర్చుని గిన్నెల అంచుల మీద పేర్లు చెక్కుకోవడమే.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్లో. టైము మనమే ఎంచుకోవచ్చన్నారు. అందరికంటే ముందుగా, ఉదయం తొమ్మిదికి పెట్టుకున్నాను. దీని వెనక సైన్సేమీ లేదు. పొద్దున్నే మొదట వచ్చినవాళ్లని ఉత్తచేతులతో పంపితే రోజంతా బేరాలుండవని నాన్న నమ్మకం. బోణీ కోసం కొన్న ధరకే ఇచ్చేస్తాడు. ఆ సంగతి పసిగట్టిన గడసరి ఆడవాళ్లు షట్టరు ఎత్తకముందే వచ్చి మెట్ల మీద నిలబడేవారు. ఆరేళ్లు పరిశోధన చేసి చివరికి నేను వాళ్లలో ఒకర్తినయ్యాను.

ల్యాబ్ నడిపే మేడమ్ మన తెలుగావిడే, నెమ్మదస్తురాలు. అరగంట సేపు నా పని గురించి అడిగి, మెచ్చుకున్నారు కూడా.

"రెండేళ్ల పోస్టండి. మీకు సమ్మతమేనా?"

బోణీ బేరం, వదులుతానా?

"మూడేళ్లు చేయండి మేడమ్."

"రెండేళ్లకే మంజూరైంది. నా చేతిలో లేదండి."

"నా చేతిలో లేదమ్మా, కంపెనీ రేటు" అని నాన్న కూడా అచ్చం ఇలాగే అంటాడు. అన్నాక తగ్గిస్తాడు. దాంతో నాకు ధైర్యం వచ్చి ఆఖరి అస్త్రం తీశాను.

"అయితే మరోచోట కూడా చూసుకుని చెప్తానండి."

వెనక్కి పిలుస్తారని ఆగాను.

"తప్పకుండా చూడండి. ఆల్ ది బెస్ట్," అని మనస్ఫూర్తిగా నవ్వి ఆవిడ కాల్ కట్ చేశారు.

నాలుగు రోజులు మెయిల్ లేదు. ఐదో రోజు కొట్లో నాన్నకి జరిగింది చెప్పాను. టిఫిను క్యారియరు తుడుస్తున్నవాడు ఆగిపోయాడు.

"బోణీ పట్టింపు అమ్మేవాళ్లకి ఉండాలే. ఆవిడకుందో లేదో కనుక్కున్నావా?"

"లేదు."

"మళ్లీ చదివింది సైన్సు!" అని నెత్తి కొట్టుకున్నాడు. "తిరిగెళ్లి అడుగు, తప్పేంటి? మెట్లు దిగిపోయి తిరిగొచ్చినవాళ్లని నేనెప్పుడైనా ఎగతాళి చేశానా?"

"ప్రతిసారీ చేస్తావు నాన్నా."

"సామాను ఇవ్వకుండా మాత్రం పంపలేదుగా!"

అక్కడే నిలబడి ఫోన్లో మెయిల్ రాశాను. మరోచోటంటూ ఏదీ లేదని, బేరమాడానని, రెండేళ్లయినా వస్తానని. సాయంత్రానికి జవాబు వచ్చింది. నాకు ఇష్టం లేదనుకుని ఆ పోస్టు ఇంకొకరికి ఇచ్చేశారట. వేరే ప్రాజెక్టులో ఒక్క ఏడాది పని మిగిలి ఉంది, వస్తారా అని అడిగారు.

మూడు అడిగి, రెండు పోగొట్టుకుని, ఒకటి తెచ్చుకున్న బేరగత్తెని మా బజారు ఇంతవరకు చూసి ఉండదు.

"వస్తానండి" అని టైపు చేశాను. నాన్న నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"కొసరడగవేంటే?"

అడిగాను. వారం ముందే వచ్చి పనిలో చేరవచ్చా అని.