తాటిబెల్లం చాయ

నాకు చదువు సరిగా రాదండి, మనవరాలి చేత రాయిస్తున్నాను. ఎనభైల్లో మాట. మాది రాజోలు దగ్గర. మస్కట్‌లో పనిచేసే మా ఆయన మొదటి సెలవుకు వచ్చినప్పుడు ముఖానికి రాసుకునే ఫౌండేషన్ సీసా తెచ్చారు. అది లేత గులాబీ రంగు. నేను చామనచాయ. ఆదివారం రాసుకుని చర్చికి వెళితే ముఖం బూడిద పూసినట్టయింది.

“ఏంటి వదినా, పొయ్యిలో తల పెట్టేవా?” అంది ఆడపడుచు. అందరూ నవ్వారు. ఏడుస్తూ ఇంటికొచ్చాను.

“తప్పు నాదేలే. నీ చాయలో పసుపుంది, గులాబీ నప్పదు. ఈసారి సరైంది తెస్తాను” అన్నారు ఆయన. ఎండలో నా మణికట్టు పక్కన తాటిబెల్లం ముక్కలు పెట్టి చూసి, రంగు కలిసిన ముక్కను కాగితంలో చుట్టి పట్టుకెళ్ళారు.

మరుసటి ఏడు ఆయన శవపేటికలో వచ్చారు. సమాధి చేసి వచ్చాక, ఆయనతోపాటు పంపిన సూట్‌కేసు తెరిస్తే, కరిగి కాగితానికి అంటుకుపోయిన బెల్లం, పక్కనే కొత్త సీసా. మణికట్టు మీద ఒక చుక్క రాశాను. ఎక్కడ రాశానో నాకే కనబడలేదు.

మళ్ళీ ఆ మూత తీయలేదు. పరాయి దేశపు దుకాణంలో బెల్లం ముక్క పట్టుకుని నా రంగు వెతికిన మనిషిని ఎలా మర్చిపోనండి?