నిలబడి తీసిన ఫొటోలు

మొన్న మా తమ్ముడి మనవరాలు ఒంటరిగా వారం రోజులు ఊళ్ళు తిరగడానికి బయలుదేరుతూ, తనను తాను తెలుసుకోవడానికి వెళుతున్నానని చెబితే ఇంట్లో అందరూ నవ్వారు గాని నాకు నవ్వు రాలేదు. ఆ వయసులో నేనూ మెడలో కెమెరా వేసుకుని, ఎవరికీ చెప్పకుండా, ఆదివారం వస్తే చాలు బస్సెక్కినవాణ్ణే. కాకపోతే మన రోజుల్లో దానికింత మంచి పేరు లేదు, గాలి తిరుగుళ్ళు అనేవారు.

మా తాతగారి పేరు చెబితే కంకిపాడు సంతలో జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవారట. నాకు ఊహ తెలిసేసరికి పొలాలన్నీ కోర్టు వ్యాజ్యాల్లో కరిగిపోయి, మేము వన్ టౌన్‌లో ఒక గోడౌను పైన రెండు గదుల్లో ఉండేవాళ్ళం. భూములు పోయాయి గాని పద్ధతులు పోలేదు. పరాయి ఇంటికి వెళితే కూర్చోకూడదన్నది మా నాయనమ్మ పెట్టిన పద్ధతి. కలిగిన రోజుల్లో కూర్చుంటే చుట్టపుచూపు, చితికిన రోజుల్లో కూర్చుంటే ఏదో అడగడానికి వచ్చామనుకుంటారని ఆవిడ భయం. అందుకని పెళ్ళి పిలుపులకు వెళ్ళినా, చావు పలకరింపులకు వెళ్ళినా గుమ్మంలో నిటారుగా నిలబడి రెండు మాటలు చెప్పి వచ్చేసేవాళ్ళం.

డిగ్రీ అయ్యాక మా పెదనాన్న నాకు ఉయ్యూరు దగ్గర ఒక రైసుమిల్లులో గుమాస్తా పని చూశారు. ఆ మిల్లు యజమాని తండ్రి ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసినవాడు. యజమాని మంచివాడే, నన్ను చిన్నబాబుగారూ అనే పిలిచేవాడు. ఆ పిలుపు వింటూ ఆయన దగ్గర జీతానికి ఎలా ఉండడమన్నదే నా బాధ. గవర్నర్‌పేటలో ఒక స్టూడియో ఆయన మాత్రం, పని చేసుకుంటున్న మనుషుల ఫొటోలు నాలుగు మంచివి తెచ్చి చూపిస్తే చేర్చుకుంటానన్నాడు. దసరా దాటేలోగా ఏదో ఒకటి తేల్చమని పెదనాన్న గడువు పెట్టారు.

ఇక నాకు ఒకచోట కాలు నిలిస్తే ఒట్టు. అవనిగడ్డలో దిగి నాగాయలంక పోయేవాణ్ణి, అక్కడ వలలు బాగుచేసుకునే జాలర్లను తీసి, ఇంకా మంచిది ఇంకెక్కడో ఉందనిపించి వచ్చిన బస్సే మళ్ళీ ఎక్కేవాణ్ణి. నాట్లు వేసే ఆడవాళ్ళు, కాలవ గట్టున బట్టలుతికేవాళ్ళు, ఎవరినీ వదల్లేదు. తీరా ఫొటోలన్నీ బల్ల మీద పరిస్తే స్టూడియో ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏవండీ, ఇవన్నీ మేడ మీంచి తీశారా?"

నేల మీద నిలబడే తీశానన్నాను.

"మరి అందరి నడినెత్తులూ ఉన్నాయి గాని ఒక్కరి మొహమన్నా లేదేంటండీ. వీళ్ళెవరో ఇంట్లోవాళ్ళు కూడా గుర్తుపట్టలేరు."

ఫొటోలు ఏరుకుని వచ్చేశాను. ఆ కోపంతోనే మరుసటి ఆదివారం మిగిలిన ఒక్క రీలూ వేసుకుని, బందరులో బస్సు మారి పెడన వెళ్ళాను. అక్కడ ఒక చేనేత ఇంట్లో గుంట మగ్గం మీద ఒకాయన నేస్తున్నాడు. కాళ్ళు గుంటలో, కూర్చున్నది గుంట అంచున, కనుక ఆయన తల నా మోకాళ్ళ ఎత్తుకు కాస్త పైన ఉంది. అలవాటు కొద్దీ గుమ్మంలో నిలబడి కెమెరా ఎత్తాను. గోడ పక్కన రాట్నం మీద నూలు కండెలు చుడుతున్న ఆయన తల్లి నన్ను చాలాసేపు చూసి, పీట ఉంది కూర్చోమంది. ఫరవాలేదమ్మా, నిలబడతానన్నాను.

"మీకు ఫరవాలేదు బాబూ, మావాడే తలెత్తి చూళ్ళేక చస్తన్నాడు. పోలీసోళ్ళొచ్చి నిలబడ్డట్టుంది."

"ఊరుకోవే అమ్మా, ఆయన ప్యాంటు మాసిపోద్ది," అన్నాడు కొడుకు, నేత ఆపకుండానే.

కూర్చుంటే అడగడానికి వచ్చినట్టే గదా అనుకున్నాను. ఆ వెంటనే, మరి నేను వచ్చింది అడగడానికి కాకపోతే ఇంకెందుకు అన్న మాట మనసులో తగిలింది. ఆ మనిషి మొహం కోసమే వచ్చాను, అది ఆయన ఇస్తేనే నాకు దక్కేది. చెప్పులు విప్పి, పీట మీద కాదు, మగ్గానికి ఎదురుగా నేల మీదే కూర్చున్నాను. అప్పుడు కనపడ్డాయి ఆయన కనుబొమల మీద అంటుకున్న నూలు నూగు, పడుగు దారాల మధ్య నాడె విసిరిన ప్రతిసారీ బిగిసి వదులయ్యే పెదవి. పొద్దుటినుంచీ చోటు కదలని ఆ మనిషిని చూస్తూ నెలలుగా పరుగెత్తుతున్న నేను కాసేపు మీట నొక్కడమే మరిచిపోయాను. చివరకు ఆయనే తలెత్తి, ఇంకా తీయలేదా అన్నట్టు చూశాడు. అప్పుడు తీశాను.

ఆ ఫొటోను స్టూడియో ఆయన కిటికీ దగ్గరకు తీసుకువెళ్ళి చూసి, నాలుగక్కర్లేదు, ఇదొక్కటి చాలు, రేపటి నుంచి రమ్మన్నాడు. మిల్లుకు స్వయంగా వెళ్ళి రాలేనని చెప్పి వచ్చాను. అక్కడ మాత్రం నిలబడే చెప్పాను, అంత తొందరగా పోయే గుణం కాదది.

ఈమధ్య మళ్ళీ పెడన వెళ్ళాను. చాలా ఇళ్ళలో గుంటలు పూడ్చి నున్నటి బండలు పరిచారు. మగ్గాలున్న ఇళ్ళలో కెమెరా తీయకముందే అందరూ జుట్టు సర్దుకుని నవ్వుతున్నారు, ఏ పక్కనుంచి తీస్తే బాగుంటారో కూడా వాళ్ళే చెబుతున్నారు. అది తప్పని అనను; ఎవరి మొహం వాళ్ళ చేతిలోనే ఉండడం ఒకరకంగా న్యాయమే. కాని ఒక మనిషి ఎదుట చేతులు ఒళ్ళో పెట్టుకుని, అతడు తనంతట తాను తలెత్తేదాకా కనిపెట్టుకుని కూర్చునే తీరిక మాత్రం ఎవరికీ మిగల్లేదు. నాకూ లేదనుకుంటాను. వాళ్ళిచ్చిన కాఫీ చల్లారకముందే, బందరు బస్సు ఎన్నింటికని అడిగాను.