పాత రూట్ 66 మీద కమలగారి మలుపు

నేపర్‌విల్‌లో మా ఎదురింటి రామ్మోహన్ అంకుల్ రిటైరైన డాక్టరు. ఆయన చూపు తగ్గిపోతోంది. చలికాలానికి ఎదుటి మనిషిని కూడా పోల్చుకోలేరని కంటి డాక్టర్లు చెప్పేశారట. 1967లో అమెరికా వచ్చిన కొత్తలో తీసిన కలర్ స్లైడ్లు ఆయన దగ్గర పెట్టెడున్నాయి. నేను స్కాన్ చేసిచ్చాను. వాటిలో ఒక్కదాన్నే మళ్లీ మళ్లీ చూపించమన్నారు. చీర మీద ఓవర్‌కోటు వేసుకుని, లేత నీలం కారు డిక్కీకి ఆనుకుని నిలబడ్డ భార్య కమలగారు. ముందు ఎడమకి తిరిగే రోడ్డు, ఆ మలుపులో ధాన్యం దాచే పొడవాటి సైలో. "చలికి వణుకుతున్న మనిషిని ఫోటో కోసం నిలబెట్టి, నవ్వలేదని కసిరానమ్మా. తను పోయి ఆరేళ్లు. చూపుండగా ఒక్కసారి అక్కడికి వెళ్లాలి," అన్నారు. ఎలాగైనా తీసుకెళ్లి తీరాలనుకున్నాను.

2012 అక్టోబరులో ఒక శనివారం ఏడింటికి బయల్దేరాం. ఐ-55 మీద పాంటియాక్‌కి గంటన్నర. అక్కడ హైవే దిగి, పక్కనే సాగే పాత రూట్ 66 పట్టుకోవాలి. సెయింట్ లూయిస్ వెళ్తూ పాంటియాక్ దాటాక తీసిన ఫోటో అని ఆయనకి గుర్తు కాబట్టి దక్షిణంగానే వెతికాం. పన్నెండయింది. ఎడమ మలుపులు నాలుగు దొరికాయి గానీ, ఒక్కదాని దగ్గరా సైలో లేదు.

"పోనీలేమ్మా, రిటర్న్ అయిపోదాం."

"ఇంత దూరం డ్రైవ్ చేసింది రిటర్న్ అవడానికా అంకుల్? తిని మళ్లీ మొదలెడదాం," అన్నాను.

రోడ్డు పక్క చిన్న హోటల్లో ఎనిమిది డాలర్లకి గుడ్లూ, ఆలూ వేపుడూ పెట్టారు. వంటావిడకి నేను తెచ్చిన ఆ ఫోటో ప్రింటు చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "ఇది ఇంగ్లండా? స్టీరింగ్ కుడివైపుందే," అంది. నిజమే, కారు వెనకద్దంలోంచి స్పష్టంగా కనిపిస్తోంది. ఆ ఫోటో నేను పదిసార్లు చూసుంటాను. గుంటూరులో కారు నేర్చుకున్న నా కళ్లకి అందులో తప్పేమీ తోచలేదు. పైట ఏ భుజం మీదుందో చూద్దామన్నా కోటు కప్పేసింది, నంబరు ప్లేటు కూడా ఆ కోటు వెనకే ఉండిపోయింది. స్లైడ్‌ని తిరగేసి స్కాన్ చేశానన్నమాట. తల కొట్టేసినట్టయింది. ఆవిడ కాగితం తిప్పి కిటికీ వెలుగుకి ఆనించి, "మలుపు కుడికి. రెండు మైళ్ల వెనక దాటేసి వచ్చారు," అంది.

సైలో తుప్పు పట్టినా అక్కడే ఉంది. అంకుల్ నన్ను మా కారు డిక్కీ దగ్గర నిలబెట్టి, పదడుగులు వెనక్కి నడిచారు. అంత దూరం నుంచి నా మొహం ఆయనకి కనిపించదు.

"నవ్వనా అంకుల్?"

"వద్దమ్మా. చలేస్తే కార్లో కూర్చో," అన్నారు.

ఆయన అంత దూరం వచ్చింది ఆ మాట అనడానికేనని అప్పుడు అర్థమై, నాకు ఏడుపాగలేదు. ఊళ్లూ హోటళ్లూ మారిపోయినా పాత ఫోటో పట్టుకుని వెతికితే చోటు దొరుకుతుంది, పట్టు వదలకూడదంతే. మీరూ ఇలా బయల్దేరితే, ఇల్లు కదిలే ముందే ఫోటోలో స్టీరింగ్ ఎటువైపుందో ఇక్కడ పుట్టిన పిల్లల చేత ఒకసారి చూపించుకోండి.