పని ఆపమంటావా

ఆస్పత్రి వెనకవైపు, బాయిలర్ గదిని ఆనుకుని ఉన్న లాండ్రీలో ఆమెను అందరూ మడతక్క అనేవారు. పెళ్లయిన కొత్తలో దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర పనికి చేరింది. ఒక్క విదిలింపుతో మూలలు కలిపేది. ఆమె వేసిన మడత స్కేలు పెట్టి గీత గీసినట్టుండేది. నవ్వొస్తే చేతిలో ఉన్న గుడ్డ మూతికి అడ్డం పెట్టుకునేది. "ఉతికింది మళ్లీ ఉతికించకే తల్లీ" అని పక్కవాళ్లు ఆటపట్టించేవారు.

అప్పట్లో సూపర్‌వైజరు పెద్దమేడం. ఆవిడ అరిచే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. హాలు చివర కాస్త ఎత్తున ఉన్న అద్దాల గదిలో కూర్చునేది. నడుముకు తాళాల గుత్తి. అది గలగలమంటూ మెట్లు దిగుతుంటే మాటలు ఎక్కడివక్కడ తెగిపోయేవి. ఫలానా మిషన్ తేడాగా ఉందని ఎవరైనా వెళ్లి చెబితే, కళ్లజోడు పైనుంచి చూసి ఒకటే అడిగేది.

"అయితే పని ఆపమంటావా?"

పై వార్డుల్లో రోగులు దుప్పట్ల కోసం చూస్తుంటే, పని ఆపమనడానికి తామెవరు? "లేదు మేడం" అని దిగివచ్చేవారు. పోనుపోను ఆ మెట్లెక్కడమే మానేశారు. పక్క బల్లకు చెయ్యి సాయం చేయడం కూడా మానేశారు. లేనిపోని తలనొప్పి ఎందుకని తల వంచుకుని ఎవరి పని వాళ్లు చూసుకునేవారు.

ఇస్త్రీ రోలర్ దగ్గర ఒక పిల్ల ఉండేది. పనిచేస్తూ సన్నగా ఈల వేసేది కాబట్టి ఈలపిల్ల అనేవారు. తడి దుప్పటి అంచు పట్టుకుని, ఆవిరితో కాగే రోలర్‌కు అందించడం ఆమె పని. రోలర్ ముందు ఒక ఎర్ర కడ్డీ ఉండేది. చెయ్యి మరీ దగ్గరికి పోతే ఆ కడ్డీ తగిలి మిషన్ ఆగాలి. కొంతకాలంగా ఒకసారి ఆగేది, ఒకసారి ఆగేది కాదు. ఆ సంగతి రోలర్ దగ్గరున్న అందరికీ తెలుసు. ఈలపిల్లకూ తెలుసు. ఎవరూ పైకి వెళ్లి చెప్పలేదు.

ఒక ఉదయం దుప్పటి అంచు ఆమె వేళ్లకు చుట్టుకుంది. కడ్డీ తగిలింది. రోలర్ ఆగలేదు. కేక విని, బాయిలర్ చూసుకునే ముసలాయన పరుగెత్తుకొచ్చి మెయిన్ స్విచ్ లాగేశాడు. ఆయన్ను అందరూ బాబాయ్ అంటారు. ఆస్పత్రిలోనే ఉన్నారు కాబట్టి పిల్ల ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్లు దక్కలేదు. వాళ్లన్నయ్య వచ్చి తనింటికి తీసుకుపోయాడు. విచారణ జరిగింది. పెద్దమేడాన్ని రిటైరయ్యే గడువుకు ముందే ఇంటికి పంపి, ఆ కుర్చీలో మడతక్కను కూర్చోబెట్టారు.

మొదటిరోజు ఆమె అందరినీ పిలిచి, "ఏదున్నా నాకు చెప్పండి. నేనూ మీలో మనిషినే కదా" అంది. అందరూ తలలూపారు. ఆ తర్వాత ఒక్కరూ ఏమీ చెప్పలేదు.

ఎర్ర కడ్డీ కొత్తది వేశారు. అయినా ఈలపిల్ల నిలబడిన చోట ఎవరూ కాలు పెట్టేవారు కాదు. కాస్త ఎడంగా నిలబడి, ఒళ్లు వంచి దుప్పటి అందించేవారు. పొద్దున్నే బాబాయ్ ఆవిరి వదిలినప్పుడు గొట్టంలోంచి సన్నటి కూత వచ్చేది. అది వినగానే హాల్లో చేతులన్నీ ఒక్క క్షణం ఆగేవి. ఎందుకు ఆగాయో ఎవరూ పైకి అనేవారు కాదు. పెద్దమేడం తాళాలు ఇప్పుడు మడతక్క నడుముకు ఉన్నాయి. మెట్లు దిగుతుంటే వెనక ఎవరో వస్తున్నట్టనిపించి ఎన్నోసార్లు తిరిగి చూసింది. ఎవరూ లేరు. చప్పుడు తనదే.

పని వెనకబడింది. దుప్పట్లు మరకలతో తిరిగొచ్చేవి. రోజూ పొద్దున్నే పై అంతస్తు ఆఫీసరు పిలిపించేవాడు. "మీ వాళ్లను అదుపులో పెట్టుకోవడం రాకపోతే చెప్పండి, చేతనైన వాళ్లను చూసుకుంటాం" అనేవాడు. ఆ మాట మింగి, మొహం మాడ్చుకుని దిగివచ్చేది. ఆ మొహం చూసి మడత బల్ల వాళ్లు గొంతు తగ్గించేవారు. వాళ్లను చూసి రోలర్ వాళ్లు తల దించుకునేవారు. ఒకరోజు ఆరబెట్టే మిషన్ దగ్గర కాలిన వాసన వచ్చింది. ఏంటని అడిగితే "ఏం లేదక్కా" అన్నారు. బెల్టు తెగి పొగ లేచాక గానీ, అది చాలాకాలంగా ఒరుసుకుంటోందని తెలియలేదు.

ఆపరేషన్ గదుల గుడ్డలు ఆలస్యమై బాగా మాటలు పడిన ఒకరోజు, కొత్తగా చేరిన అమ్మాయి అద్దాల గది మెట్లెక్కి వచ్చింది. పాత సంగతి కళ్లారా చూడని పిల్ల.

"అక్కా, రోలర్ ఎడమవైపు వేడి మరీ ఎక్కువగా ఉంది. దుప్పట్ల అంచులు పచ్చబడుతున్నాయి."

మడతక్క తలెత్తకుండానే అంది. "అయితే పని ఆపమంటావా?"

తలుపు తీసే ఉంది. హాల్లో చేతులన్నీ ఆగాయి. అందరూ అద్దాలవైపు చూశారు. వాళ్ల చూపు తన మీద లేదనీ, తన భుజం వెనక ఎవరినో చూస్తున్నారనీ మడతక్కకు అనిపించింది. "లేదక్కా" అని కొత్తమ్మాయి దిగిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి కూతురు బుగ్గ వాచిపోయి ఉంది. పన్ను పుచ్చిపోయింది.

"ఎప్పట్నుంచే నొప్పి?"

"చాలా రోజుల్నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

పిల్ల వాళ్ల నాన్న వైపు చూసింది. "నువ్వొచ్చేసరికి నీ మొహం అదోలా ఉంటుంది కదమ్మా. రేపు చెబుదాంలే అనుకునేదాన్ని."

ఆయన బస్సు కండక్టరు. గంభీరంగా ఉండటం చేతకాని మనిషి. "టికెట్ కొననివాడు నన్ను చూసినట్టు చూస్తున్నాం నిన్ను, నేనూ నా కూతురూ" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అన్నాక ఆయనా నవ్వలేదు.

సెలవు రోజున మడతక్క పెద్దమేడాన్ని వెతుక్కుంటూ వెళ్లింది. ఆవిడ చెల్లెలి ఇంటి మేడమీద ఒక గదిలో ఉంటోంది. బాగా చిక్కిపోయింది. మంచినీళ్లయినా ఇవ్వకముందే మిషన్ల గురించి అడగడం మొదలుపెట్టింది. బెల్టు తెగిన సంగతి, ఎడమవైపు వేడి సంగతి మడతక్క చెబుతుంటే ఆత్రంగా వింది.

"నాకు ఇవేవీ ఎవరూ చెప్పలేదమ్మా. ఒక్కరంటే ఒక్కరు."

"చెప్పడానికి వచ్చేవాళ్లు మేడం. మీరు పని ఆపమంటావా అనేవారు."

"అవును, అడిగేదాన్ని. ఆపమంటే ఆపేదాన్ని." పెద్దమేడం తన చేతులకేసి చూసుకుంది. "ఒక్కరూ ఆపమనలేదు."

అది నిజమో, ఈ గదిలో ఒంటరిగా కూర్చుని ఆవిడ అల్లుకున్న మాటో మడతక్కకు అంతుపట్టలేదు. నిజమే అయినా, ఆ గొంతులో వినిపించిన మాటను ప్రశ్న అని ఎవరనుకుంటారు? తను మొన్న అన్నప్పుడు మాత్రం ఎవరనుకున్నారు?

వచ్చేస్తుంటే చెల్లెలు మెట్ల దాకా వచ్చింది. "నిద్రలో ఆపండి, ఆపండి అంటుందమ్మా. లేపితే, ఆగిందా అని అడుగుతుంది" అని చెప్పింది.

మర్నాడు పొద్దున మడతక్క తాళాల గుత్తి తీసి బాయిలర్ గది బయట మేకుకు తగిలించింది. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోండి అంది. తర్వాత వెళ్లి రోలర్ ముందు ఈలపిల్ల నిలబడిన చోటే నిలబడింది. గొట్టంలోంచి కూత వచ్చింది. చేతులు ఆగాయి.

"ఈ కూత వింటే నాకు ఆ పిల్ల గుర్తొస్తుంది" అంది. "మీకు?"

చివరికి గుమ్మంలోంచి బాబాయ్ అన్నాడు. "నేనైతే కళ్లు మూసుకుని తిప్పుతానమ్మా ఆ ఆవిరి చక్రం." అప్పుడు రోలర్ దగ్గర ఒకావిడ గోడవైపు తిరిగి ఏడ్చింది. కడ్డీ పాడైందని తనకు ముందే తెలుసని చెప్పింది. నాకూ తెలుసని ఇంకొకరు, నాకూ అని మరొకరు. మడతక్క ఎవరినీ ఏమీ అనలేదు. వాళ్ల మాటలన్నీ అయ్యాక కొత్తమ్మాయి వైపు తిరిగింది.

"వేడి సంగతి చెప్పావు కదా. ఆపుదామా? ఆపాలంటే ఇప్పుడే ఆపుతాను."

ఆ పిల్ల అందరి మొహాలూ చూసి తలూపింది. మడతక్క తన చేత్తోనే కడ్డీ నొక్కింది.

మెకానిక్ వచ్చి విప్పి చూస్తే వేడిని అదుపు చేసే పరికరం కాలిపోయి ఉంది. మధ్యాహ్నానికి ఆఫీసరు దిగివచ్చాడు.

"ఎవరాపారు?"

"నేనే సార్."

"ఇంకోసారి ఇలా జరిగిందంటే మళ్లీ మడత బల్లకే పోతారు."

"అక్కడ నాకు బాగానే ఉంటుంది సార్."

ఆయన వెళ్లిపోయాక మడత బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఈలపిల్ల వెళ్లిపోయాక ఆ హాల్లో నవ్వు వినబడటం అదే మొదలు.

ఆ తర్వాత అంతా చక్కబడిందని కాదు. కొన్నాళ్లు అయినదానికీ కానిదానికీ మిషన్లు ఆపారు. మడతక్క పళ్లు బిగబట్టి ప్రతిసారీ వెళ్లి చూసింది. ఏమీ లేకపోతే మంచిదే అంది. రోలర్ దగ్గర ఏడ్చినావిడ ఆ హాల్లో ఉండలేనని వార్డు పనికి వెళ్లిపోయింది. ఆఫీసరు అలాగే ఉన్నాడు. ఆయన దగ్గర మాటలు పడ్డ రోజు మడతక్క బాయిలర్ గదిలో బాబాయ్ పక్కన కాసేపు కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాక హాల్లోకి వచ్చేది. మెల్లమెల్లగా దుప్పట్లు వేళకు పైకి వెళ్లడం మొదలైంది. ఒక బల్ల వాళ్లు వెనకబడితే పక్క బల్ల వాళ్లు పిలవకుండానే వచ్చి చెయ్యేసేవారు.

ఆ ఏడు చివర్లో ఆమె బస్సెక్కి ఈలపిల్ల అన్నయ్య ఇంటికి వెళ్లింది. అన్నయ్య వాకిట్లోనే నిలబెట్టి లోపలికి వెళ్లాడు. తిరిగివచ్చి, "అక్కడి వాళ్లనెవరినీ చూడనంటోందమ్మా. ఏమీ అనుకోకు" అన్నాడు. లోపల పరదా కదిలింది. మడతక్క కాసేపు నిలబడి వచ్చేసింది.

మర్నాడు హాల్లో అందరూ చుట్టూ చేరారు. ఎలా ఉందని అడిగారు. బాగానే ఉంది, మిమ్మల్నందరినీ అడిగానని చెప్పమంది అనేయడం ఎంతసేపు? ఆమె నోటి దాకా వచ్చింది కూడా.

"నన్ను చూడనంది" అని చెప్పింది. "మనల్నెవరినీ చూడదట."

మడత బల్ల దగ్గరి పెద్దావిడ, "ఎందుకు చూస్తుంది" అని నెమ్మదిగా అని, దుప్పటి ఒక అంచు పట్టుకుంది. రెండో అంచు మడతక్క పట్టుకుంది.