నీలం గోలీ సీసా

1978 ఎండాకాలం. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగి బయటికి వస్తే, ఎడమ పక్కన రేకుల కప్పు కింద నా సోడా దుకాణం ఉండేది. మధ్యాహ్నం ప్యాసింజర్ వెళ్లిపోయాక స్టేషనంతా కునుకు తీసేది. రేకుల సందుల్లోంచి ఎండ సీసాల మీద పడి, గోడంతా ఆకుపచ్చ నీడలు నీళ్లలాగ కదిలేవి. ఆ నీడల్లో కూర్చుంటే నేనూ ఒక సీసాలో ఉన్నట్టే అనిపించేది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ముందు అవే కనిపిస్తాయి.

కలర్ సోడా చెయ్యడం పైకి చూస్తే చాలా తేలిక. ముందు సీసాలో చక్కెర పాకం, రంగు, ఎసెన్స్ పోస్తాం. ఎసెన్స్ అంటే పండు వాసననిచ్చే చుక్క మందు. తర్వాత మిషన్‌కు బిగించి, గ్యాస్ నీళ్లు నింపి తిప్పితే గోలీ వచ్చి మూతికి అతుక్కుంటుంది. చాలామంది చక్కెర బదులు సాక్రిన్ వాడేవాళ్లు. చిటికెడు వేస్తే బిందెడు నీళ్లు తియ్యనవుతాయి. నాకు ఆ పేరు వింటేనే ఒళ్లు మండేది. "ఇచ్చట సాక్రిన్ కలపబడదు" అని పెద్ద బోర్డు రాయించుకున్నాను.

ఆ బోర్డు చూసి నాకంటే ఎక్కువ మురిసేది కొమురయ్య బాపు. రైల్వే గ్యాంగ్‌లో పట్టాల వెంట నడిచి నడిచి రిటైరైన మనిషి. రోజూ సాయంత్రం నా బెంచీ మీద కూర్చుని ఆరెంజ్ సోడా తాగేవాడు. ఆ ఏడు ఆయనకు షుగర్ జబ్బు బయటపడింది. అరికాలి పుండు మానడం లేదు. షుగర్ దిగకపోతే కాలు తీసెయ్యాల్సి వస్తుందని వరంగల్ దవాఖానలో చెప్పారు. ఆయన అన్నం తగ్గించాడు, చాయ మానేశాడు. సోడా మాత్రం మానలేకపోయాడు.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య రాజవ్వ వచ్చింది.

"సాయిలూ, ఆయనకు సోడా ఇయ్యకు బిడ్డా."

"నేనియ్యకుంటె ఇంకో దుకాణంల తాగుతడు గదవ్వా."

"అయితె సాక్రిన్ కలిపియ్యి. ఏం గాదని కాంపౌండర్ చెప్పిండు. ఆయనకైతె చెప్పకు. దొంగసరుకని ముట్టడు."

ఆ బోర్డు కింద కూర్చుని సాక్రిన్ కలపాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు. కానీ పోయేది ఆయన కాలు. ఒక్కసారిగా మారిస్తే నాలుక పట్టేస్తుంది. సాక్రిన్ ముందు తియ్యగానే ఉండి, చివర గొంతులో చేదు మిగులుస్తుంది. అందుకే రోజూ కొంచెం పాకం తగ్గిస్తూ, కొంచెం సాక్రిన్ పెంచుతూ పోయాను. చేదు తెలియకుండా నిమ్మ ఉప్పు, ఓ రవ్వ మామూలు ఉప్పు వేసేవాణ్ణి. వేరేవాటితో కలిసిపోకుండా ఆయన సోడా నీలం గోలీ ఉన్న సీసాలోనే పట్టేవాణ్ణి. చివరికి పాకం చుక్క కూడా లేని సోడా తాగి, ఆయన కళ్లు మూసుకుని "అబ్బ, పానం సల్లగైంది" అన్నాడు. ఆ సాయంత్రం నేను గాల్లో తేలిపోయాను.

మందులు, పథ్యం పనిచేశాయి. వానాకాలం సగమయ్యేసరికి పుండు మానింది. చిక్కు అక్కడే వచ్చింది.

ఒకరోజు బాపు, రాజవ్వ బెంచీ మీద ఉండగా చిల్పూర్ నుంచి ఒకామె కుంటుకుంటూ వచ్చింది. కాలికి గుడ్డ కట్టుకుని ఉంది.

"అన్నా, గీ బాపు తాగే చక్కెర సోడా నాకు గూడ ఇయ్యి. గిది తాగితెనే పుండు మానిందని అందరికి చెప్తుండట. నాది గూడ గదే బీమారి. దవాఖాన మందు బంద్ చేసిన."

నేను నోరు తెరిచేలోపే రాజవ్వ లేచింది.

"మందు బంద్ చెయ్యకు బిడ్డా! గా సీసల చక్కెర లేదు. సాక్రిన్. నేనే కలపమన్న."

గూడ్సు బండి ఒకటి తాపీగా పోయింది. బాపు సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. లోపల నీలం గోలీ మెల్లగా దొర్లింది. తర్వాత నా బోర్డు చూశాడు, రాజవ్వను చూశాడు. ఇంక ఈయన నా దుకాణం గడప తొక్కడనుకున్నాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆయన జరిగి, ఆ చిల్పూర్ ఆమెకు బెంచీ మీద చోటిచ్చాడు.

"సాయిలూ, ఈ బిడ్డకు గసొంటిదే కొట్టు. ఆమె కండ్ల ముందర కలుపు. ఏం ఏస్తున్నవో నోటితోని చెప్పు."

బోర్డు వెనక దాచిన సాక్రిన్ డబ్బా తీసి అందరి ముందూ పెట్టాను. ఒక్కొక్కటీ చెబుతూ కలిపాను. అప్పటి నుంచి చెప్పకుండా ఎవరి సీసాలోనూ తీపి మార్చలేదు. మర్నాడే ఆ బోర్డు కూడా దించేశాను.

ఆమె ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"కొసకు జర చేదున్నది బాపూ."

"ఉంటది బిడ్డా. మందైతె ఇడువకు," అన్నాడు ఆయన. రాజవ్వ వైపు చూడకుండానే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నాకు గిన్ని దినాలు గా చేదు తెల్వనియ్యలే వీళ్లు."