చెప్పుల దగ్గర కూర్చున్నవాళ్లదే మొదటి మాట

పూనమ్‌చంద్ బోడా ఇంట్లో కత్తి ఎప్పుడూ చెప్పుల దగ్గర్నుంచే ప్రయాణం మొదలుపెడుతుంది. జోధ్‌పుర్ బ్రహ్మపురిలో ఆయన మేడమీది గదిలో, ఆదివారం పొద్దున్నే, పాత ఆయుధాలు పోగుచేసే పిచ్చివాళ్లం కొందరం కూడతాం. ఎవరో ఒకరు కత్తో, కటారో, డాలో తెస్తారు. తెచ్చినవాళ్లు నోరు మెదపకూడదు. వస్తువు ముందుగా అందరికంటే కొత్తవాళ్ల చేతికి వెళ్తుంది. కొత్తవాళ్లెప్పుడూ గుమ్మం పక్కన, చెప్పుల దగ్గరే కూర్చుంటారు కదా. వాళ్లు చెప్పాక పక్కవాళ్లు చెప్పాలి. పెద్దల వంతు ఆఖర్న. బోడాజీ అడిగేది ఒకటే ప్రశ్న: "ఏం కనిపిస్తోంది?"

ఆయన కరెంటాఫీసులో మీటర్ రీడర్‌గా చేసి రిటైరయ్యారు. మీటరున్న గోడమీదే మేకుకు కత్తి వేలాడే ఇళ్లు మా ఊళ్లో బోలెడు. రీడింగు రాసుకుంటూ కత్తి మీద కన్నేయడం అలా మొదలైంది. పాతసామాన్ల కొట్లోంచి మొన విరిగిన కటారి తెచ్చిన రోజున ఆయన భార్య చందాదేవి గుమ్మంలోనే నిలదీసింది.

"ఉల్లిపాయ గడప దాటని కొంప ఇది. కటారి మాత్రం దర్జాగా నడిచొచ్చింది. దీంతో ఏం తరుగుతారు, కొత్తిమీరా?"

ఆ కటారి ఇప్పుడు వాళ్ల పూజగది గోడకుంది. పెట్టింది ఆవిడే.

అప్పట్లో ఆయుధాల ముచ్చట్లు పెద్దింటివాళ్ల హవేలీల్లో జరిగేవి. బోడాజీ వెళ్తే ఎవరూ పొమ్మనలేదు, మాట్లాడమనీ అనలేదు. "కత్తి నా దాకా వచ్చేసరికి చెప్పడానికి అందులో ఏమీ మిగిలేది కాదు" అంటారాయన. పెద్దవాళ్లు ఫలానా అని తేల్చేశాక, కాదేమోనని అనే ధైర్యం చెప్పుల దగ్గరివాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే సొంత గదిలో వరస తిరగేశారు.

నిరుడు చలికాలంలో రసాల్ కంవర్ వచ్చింది. భర్త పోయిన రాజపుత్ర ఇల్లాలు, యాభై దాటిన మనిషి. ప్రతి ఆదివారం ఒళ్లో పాత దుప్పటిలో చుట్టిన పొడుగాటి మూట ఉండేది. విప్పేది కాదు. మొదట తన చేతికొచ్చిన కత్తిని ఓసారి చూసి, "మీరే చెప్పండి, నాకేం తెలుసు" అని పక్కవాళ్లకిచ్చేసేది. బోడాజీ బలవంతపెట్టేవారు కాదు.

మూటలో ఏముందో ఆమె ఒక్క చందాదేవికే చెప్పుకుంది. చందాదేవికి చెబితే బోడాజీకి, బోడాజీకి చెబితే మాకూ చెప్పినట్టే. అది ఆమె అత్తింటి కత్తి. దాని మీద బంగారు పువ్వులుండేవని మామగారు నలుగురిలో గొప్పగా చెప్పేవాడట. కాపురానికి వచ్చినప్పటినుంచి, దసరా పూజకు ముందు బూడిదా నిమ్మచెక్కా పెట్టి ఆ కత్తిని తోమింది ఆమే. ఇంటి పువ్వుల్ని నా చేత్తోనే కడిగేశానా అన్నదే ఆమె దిగులు. తేల్చుకుందామనే వచ్చింది. అడగడానికి నోరు రావడం లేదు.

ఒక ఆదివారం, ఈ సంగతింకా చెవిన పడని ఠాకూర్ జబ్బర్ సింగ్ కొత్తగా సంపాదించిన కత్తితో మెట్లెక్కి వచ్చాడు. మాలో ఆయన దగ్గరున్నన్ని మంచి వస్తువులు ఎవరి దగ్గరా లేవు. ఆయన రాకపోతే గది సగం బోసిపోతుంది. కత్తి దూయడమే తరువాయి, మాట దూసుకొచ్చింది.

"చూడండి బోడాజీ మహరాజ్, ఘోరం! పిడి కింద ఇంత బంగారు పని ఉండేది. ఏ తెలివితక్కువ ఆడదో అంట్లగిన్నె తోమినట్టు తోమి పారేసింది. ఇలాంటివాళ్ల చేతికి కత్తి ఇవ్వడం కంటే చీపురివ్వడం నయం."

కొందరు నవ్వారు. గుమ్మం దగ్గర రసాల్ కంవర్ మూటను చెంగు కిందికి లాక్కుని, కాలితో చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది.

బోడాజీ చూశారు. "ఠాకూర్‌సా, మా గదిలో మొదటి మాట ఎవరిది?"

"కొత్తవాళ్లది. తెలుసులే, నోరు జారింది."

"అయితే కత్తి ఒరలో పెట్టండి. కిందికి దిగి, మళ్లీ ఎక్కి రండి. మీరింకా రాలేదనుకుందాం."

ఠాకూరు మీసం మీద చెయ్యి వేసి బోడాజీ వంక చూశాడు. బోడాజీ కూడా చూపు తిప్పుకోకుండా చూశారు. ఠాకూరు కత్తి ఒరలో దోపి, లేచి మెట్లు దిగిపోయాడు. కింద చందాదేవి గొంతు వినిపించింది.

"అదేంటి ఠాకూర్‌సా, అప్పుడే దిగారు? చాయ్ ఇంకా పొంగనే లేదు."

"మీ ఆయన నన్ను మళ్లీ పుట్టి రమ్మన్నాడు, భాభీసా."

"ఈసారైనా కాస్త నెమ్మదస్తుడిగా పుట్టండి."

ఆ తర్వాత చప్పుడు లేదు. వెళ్లిపోయాడనే అనుకున్నాం. చాలాసేపటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. గుమ్మంలో నిలబడి, "ఖమ్మా ఘణీ" అని అందరికీ దణ్ణం పెట్టి, మారుమాట లేకుండా కత్తిని రసాల్ కంవర్ చేతిలో పెట్టాడు.

"ఏం కనిపిస్తోంది, భాభీసా?" అన్నారు బోడాజీ. "పేరొద్దు, కాలమొద్దు. కనిపించింది చెప్పండి, చాలు."

ఆమె కత్తిని వెలుగుకు తిప్పింది. "తళతళలాడుతోంది. పిడి మొదట్లో మాత్రం నల్లగా ఉంది. అక్కడ వేళ్లు దూరవు." కత్తిని రెండోవైపు తిప్పింది. "ఎవరో చాలా ఏళ్లు తోమారు. భక్తిగానే తోమి ఉంటారు. నేనూ తోమాను."

మూట విప్పింది.

బోడాజీ భూతద్దం తీసి, రెండు కత్తుల్నీ కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టారు. బంగారం అతకాలంటే ముందు ఉక్కు మీద సన్నటి అడ్డగీతలు గీస్తారు. బంగారం రాలిపోయినా గీతల జాడ ఎంతోకొంత మిగులుతుంది. ఠాకూరు కత్తి మీద ఆ గీతలున్నాయి. భూతద్దాన్ని ఆమె చేతికిచ్చి, "మీ దాని మీద వెతకండి" అన్నారు. ఆమె మొనదాకా వెతికింది. రెండువైపులా వెతికింది.

"ఏమీ లేవే!"

"నాకూ కనిపించలేదు. మీరు పోగొట్టడానికి ఇందులో పువ్వు ఎప్పుడూ లేదు. మంచి ఉక్కు, అంతే."

"అంటే మా మామగారు..."

"కోడళ్ల ముందు ఆ మాత్రం గొప్పలు చెప్పని మామగారెవరు?"

ఆమె నవ్వింది. కళ్లు చెంగుతో తుడుచుకుని మళ్లీ నవ్వింది. ఆమె కత్తి చేతులు మారుతూ ఆఖర్న ఠాకూరు దగ్గరికి వెళ్లింది. ఆయన దాన్ని గాల్లో ఆడించి చూశాడు. "బరువు చక్కగా కుదిరింది. ఇక తోమకండి, నూనెగుడ్డతో తుడవండి. దసరాకి పిడికి బొట్టు పెట్టండి, చాలు." కత్తిని ఆమెకు తిరిగిచ్చాడు. "భాభీసా, ఇందాక నేనన్నది..."

"ఇందాకా? మీరప్పటికి ఇంకా రాలేదు కదా, ఠాకూర్‌సా."

ఆయన తల వంచి దణ్ణం పెట్టాడు. అంతకుమించి ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు మేం పోయినేడాదికంటే ఎక్కువమందిమి. రసాల్ కంవర్‌కు గదిలో ముందువరసలో చోటుంది, అయినా గుమ్మం పక్కనే కూర్చుంటుంది. మొన్న పళ్ల డాక్టరొకతను వచ్చి, "ఊరికే చూసిపోతాను" అని చెప్పుల పక్కన ఒదిగాడు. ఆమె కాస్త జరిగి, ఆ పూట వచ్చిన కటారి అతని చేతిలో పెట్టి, "ఏం కనిపిస్తోంది, బాబూ?" అంది.

మాలో చాలామందిమి అలా ఒదిగి కూర్చున్నవాళ్లమే. ఈ ఊళ్లో ఎంతమంది దగ్గర ఎన్ని కత్తులున్నా, మొదటి మాట మాకిచ్చిన మనిషి బోడాజీ ఒక్కరే. ఆ మాటే ఆయన డెబ్బయ్యో పుట్టినరోజున అందరం కలిసి చెప్పబోయాం. ఆయన తలొంచుకుని భూతద్దం తుడుచుకుంటూ కూర్చున్నారు. మెట్ల మీంచి చందాదేవే జవాబిచ్చింది.

"పొగడ్తలు తర్వాత. ముందు కప్పులు కిందికి తెండి. కొత్తవాళ్లను కూర్చోనివ్వండి, పాతవాళ్లే మోయాలి."